వేడెక్కని జాయింటు

మొన్న ఆఫీసులో పక్క సీటు అమ్మాయి తన ల్యాప్‌టాప్ ఛార్జరు కాలిపోతోందని గోల పెడితే, నేను లేచి వెళ్లి, చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపు దానికి ఆనించి చూశాను. "అదేంటండీ, అలా చూస్తారా ఎవరైనా?" అని నవ్వింది. చూస్తారు. హౌరా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు బోగీలకు వైరింగు చేసి రిటైరైన ఒక మనిషి అలాగే చూసేవాడు. అరచేత్తో ముట్టుకుంటే, ఖర్మకాలి అందులో కరెంటు ఉంటే, వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టుకుంటాయట. వెనకవైపుతో ముట్టుకుంటే చెయ్యి దానంతటదే విదిలించుకుని వచ్చేస్తుందట. ఆ అమ్మాయికి నేను ఇదేమీ చెప్పలేదు. వచ్చి నా సీట్లో కూర్చున్నాను గానీ, ఆ పూటంతా పని చేయబుద్ధి కాలేదు. ఆయన పోయి రెండు నెలలు దాటింది.

ఆయన నాకు చుట్టం కాదు, ఊరివాడు కాదు. నాది గుంటూరు, ఆయనవాళ్లది ఎప్పుడో తాతల నాడు శ్రీకాకుళం. ఆయన పుట్టిందీ పెరిగిందీ లిలువా రైల్వే క్వార్టర్లలోనే. మా ఇద్దరినీ కలిపింది రిమోట్ కార్లు. అవి పిల్లలు ఆడుకునే బొమ్మలని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మూరెడు పొడవు బండి, దానికో బ్యాటరీ, మోటారు, ఆ రెండిటి మధ్య అగ్గిపెట్టెంత స్పీడ్ కంట్రోలరు. చేతిలో ఉన్న రిమోట్ ట్రిగ్గరు మనం ఎంత లాగితే మోటారుకు అంత కరెంటు వదిలేది ఆ పెట్టే. నలభై దాటాక నాకు ఈ పిచ్చి పట్టింది. న్యూ టౌన్‌లో, మా అపార్ట్‌మెంటుకు కాస్త దూరంలో, సగం కట్టి ఆపేసిన రెండు టవర్ల మధ్య పెద్ద సిమెంటు చప్టా ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున్నే ఆరేడుగురం అక్కడ చేరేవాళ్లం. నేను తప్ప అందులో తెలుగువాడు ఒక్కడే. వాడు ఆయన కొడుకు. ఇరవై ఆరేళ్లు, సెక్టార్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎప్పుడూ నవ్వే మొహం. తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. నన్ను అన్నా అనేవాడు.

ఆ గుంపులో నాకొక హోదా ఉండేది. ఎలక్ట్రికల్ ఇంజినీరింగు చదివి, కంప్యూటర్ల ముందు కూర్చుని బతుకుతున్నవాణ్ని కదా, చదివినదంతా కడుపులో మురిగిపోతూ ఉండేది. అక్కడ ఎవరైనా చిన్న ప్రశ్న అడిగితే చాలు, పాఠం చెప్పేసేవాణ్ని. పైగా ఆ స్పీడ్ కంట్రోలర్లలో సెట్టింగులు మార్చడానికి చిన్న కార్డులాంటి పరికరం ఒకటుంటుంది. మా అందరిలో అది నా దగ్గరే ఉండేది. బ్రేకు ఎంత గట్టిగా పట్టాలి, ట్రిగ్గరు లాగగానే బండి ఎంత దూకుడుగా కదలాలి, ఇలాంటివి మార్చుకోవాలంటే నా దగ్గరికే రావాలి. దాన్ని నేను తాళంచెవిలా జేబులో వేసుకుని తిరిగేవాణ్ని.

ఆయన మొదటిసారి వచ్చినరోజు నాకు బాగా గుర్తు. కొడుకు స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. టెరికాట్ ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా, నూనె రాసి పక్కకు దువ్విన జుట్టు, భుజాన గుడ్డ సంచి. మా బెంగాలీ మిత్రులు "కాకూ, రండి, కూర్చోండి" అని మడత కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. మూడున్నర దశాబ్దాలు నిలబడి పనిచేసిన మనిషికి కుర్చీ చూస్తే మొహమాటం. కొడుకు బండి పక్కన గొంతుక్కూర్చుని, వేళ్ల వెనకవైపుతో బ్యాటరీని, మోటారుని, ఒక్కో వైరు చివరనీ ముట్టుకుంటూ వచ్చాడు.

"ఏటిరా, ఇంత సన్న వైర్లోంచి అంత కరెంటు పోద్దా?"

"పోద్ది నాన్నా. నువ్వు చూడు ముందర."

"ఈ టంకం ఎవులేసినారు?"

"నేనే."

"అలగే ఉంది," అన్నాడాయన. కొడుకు సిగ్గుపడుతూ నవ్వాడు. నిజమే, వాడు వేసిన టంకం కొవ్వొత్తి కారి గడ్డకట్టినట్టు ఉండలు ఉండలుగా ఉండేది.

చప్టా మీద సుద్దతో గీసిన రెండు గీతలుండేవి, మధ్య ఇరవై అడుగులు. వాడు బండిని మొదటి గీత మీద పెట్టి ట్రిగ్గరు లాగాడు. ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి కనిపించకుండా పోయినంత పని చేసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తర్వాత నవ్వాడు. నేను ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వడం చూసింది ఆ ఒక్కసారే.

"ఓరి నాయినో! ఇది బయల్దేరలేదురా, ఎగిసింది. మళ్లీ ఒక్కసారి."

మళ్లీ లాగాడు. ఈసారి ఆయన లెక్కపెట్టాడు. వర్క్‌షాపులో మొదట పని నేర్పిన మిస్త్రీ బెంగాలీవాడట, అందుకని ఆయన అంకెలన్నీ బెంగాలీవే. "ఎక్..." అన్నాడు. "దుయి" అనబోతుండగానే బండి రెండో గీత దాటేసింది. ఆయన ఆ "దుయి" నోట్లోనే ఉంచుకుని మా అందరివైపూ చూశాడు, మేమెవరమూ అంతకుముందు చూడనిదేదో తానే కనిపెట్టినట్టు.

"నువ్వు చలాయించు నాన్నా," అని కొడుకు రిమోట్ చేతిలో పెట్టబోయాడు.

"వొద్దురా. గోడకెట్టి కొట్టెస్తాను."

"మరి వచ్చే వారం?"

"వొచ్చే వారం సూద్దాం."

తర్వాత ఆయన అందరికీ టీ తెస్తానని రోడ్డు దాటి వెళ్లాడు. ఆయన మట్టి కప్పులు పట్టుకుని తిరిగొచ్చేలోగా ఓ పది నిమిషాలు నేనూ వాడూ బండి దగ్గరే ఉన్నాం. ఆ పది నిమిషాల సంగతి చివర చెప్తాను. చెప్పకుండా తప్పించుకునే దారి ఉంటే బాగుండేది.

వచ్చే వారం రాలేదు. వాడికి జ్వరం వచ్చింది. డెంగ్యూ అన్నారు. ఆ పై ఆదివారానికి వాడు లేడు.

నేను లిలువా వెళ్లాను. రెండు గదుల అద్దె ఇల్లు, స్టేషన్నుంచి నడిచేంత దూరం. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు, ఏడవడం లేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, దాన్నెవరో దాచిపెట్టమని ఇచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకలా పట్టుకున్నాడో అప్పుడు నాకు తెలియదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఆయన ఒక్కడే వచ్చాడు. లోకల్ రైల్లో హౌరా, అక్కణ్నుంచి బస్సు. గుడ్డ సంచిలోంచి బండి తీసి నా ముందు పెట్టాడు.

"నాకు నడపడం నేర్పండి బాబూ. ఆడికి వొచ్చే వారం అన్నాను గదా."

నేర్పాను. ఆయన చెయ్యి నిదానం. మొదటి గంటలోనే బండి తిన్నగా పోవడం మొదలుపెట్టింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన మొహం మాత్రం ముడుచుకుపోయింది. బండిని గీత మీద పెట్టి, ట్రిగ్గరు పూర్తిగా లాగి, లెక్కపెట్టాడు. ఎక్, దుయి, తిన్. తిన్ అన్నాక గానీ రెండో గీత దాటలేదు. నన్ను లాగమన్నాడు. నా చేతిలోనూ తిన్నే.

"ఇది ఆ బండి కాదు బాబూ. ఆడు నొక్కితే ఎగిసింది. ఇప్పుడు నడస్తంది. చివరికెళ్లేసరికి ఆ స్పీడు వొస్తంది గానీ, బయల్దేరేటప్పుడే ఏదో తినేస్తంది."

అదిగో, అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకోలేదు. ఎవరైనా లక్షణం చెప్తే రోగం పేరు చెప్పకుండా ఉండలేని జబ్బు నాది. "బాబాయ్ గారూ, అది రెసిస్టెన్సు" అన్నాను. స్పీడ్ కంట్రోలరు లోపల చిన్న చిన్న స్విచ్చులుంటాయి, వాటికి ఇసుమంత నిరోధం ఉంటుంది, అది ఎంత తక్కువుంటే బండికి అంత ఊపు, అని మొదలుపెట్టాను. దానికి తోడు ప్రతి వైరూ, ప్రతి కనెక్టరూ, ప్రతి టంకమూ మరికాస్త నిరోధం కలుపుతాయి. బండి బయల్దేరే క్షణంలో మోటారు లాగే కరెంటు అన్నిటికన్నా ఎక్కువ కాబట్టి, అడ్డం ఉన్నచోట అప్పుడే ఎక్కువ వోల్టేజి పోతుంది. మోటారుకు చేరేది తగ్గిపోతుంది. పరుగు అందుకున్నాక కరెంటు తగ్గుతుంది కాబట్టి తేడా కనిపించదు. మీరు చెప్పినట్టే ఉందా లేదా? సరిగ్గా సరిపోయింది కదా? అన్నాను. నాకు చాలా సంతోషంగా ఉండింది ఆ పూట. అంత శ్రద్ధగా నా పాఠం విన్నవాళ్లు అంతకుముందెవరూ లేరు.

ఆయనకు ఇది కొత్త సంగతి కూడా కాదు. బోగీ చివర ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే ప్యాసింజర్లు ఫ్యానుని తిడతారట. తప్పు ఫ్యానుది కాదు, నాలుగు బెంచీల ఇవతల చెక్క వెనకాల తుప్పుపట్టిన జాయింటుది. "తినీది ఎక్కడుందో ఎతకడమే మా నౌకరీ బాబూ," అన్నాడు. వాళ్ల వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేదట. అనుమానం వచ్చిన జాయింటు మీద మళ్లీ టంకం పొయ్యకూడదు. రెండువైపులా కోసి పారేసి, కొత్త రాగి బయటికి తీసి, మొదట్నుంచి వెయ్యాలి. పాతదాని మీద అతికినవాడికి అక్కడ చివాట్లు తప్పేవి కావు. ఆ పద్ధతి ఆయన రక్తంలో ఉండేది.

అప్పటినుంచి ఆదివారానికో జాయింటు. బ్యాటరీ కనెక్టరు, కంట్రోలరుకు పోయే రెండు వైర్లు, మోటారుకు పోయే మూడు. ఆయన చేసిన జాయింటు చూసి తీరాలి. అద్దంలా మెరిసేది. దానిమీద గొట్టం తొడిగి, కిందా పైనా మైనపు దారంతో నాలుగు చుట్లు చుట్టి, ముడి లోపలికి పోయేలా లాగేవాడు. ఒక్కొక్కటి అయ్యాక బండిని గీత మీద పెట్టేవాడు. మేమందరం చుట్టూ చేరేవాళ్లం. ఎక్. దుయి. తిన్. ఆయన "ఠిక్ ఆఛే", బాగానే ఉందిలే, అని బండి ఎత్తుకుని సంచిలో పెట్టుకునేవాడు. ఆ మాట ఆయన మరి దేనికీ అనేవాడు కాదు, పని చెడినప్పుడే అనేవాడు.

కోసిన ముక్కల్ని పారేసేవాడు కాదు. చొక్కా జేబులో ఖాళీ జర్దా పొగాకు డబ్బా ఉండేది. ముక్కని అందులో వేసి మూత నొక్కేవాడు. అవెందుకు బాబాయ్ గారూ అన్నాను ఒకసారి, నవ్వుతూనే.

"ఆడేసిన టంకం గదా బాబూ. పారీబుద్ది కాక." డబ్బా జేబులో పెట్టుకుని, "కోసినప్పుడల్లా ఆడి పని ఒకటి తగ్గిపోతంది. కానీ ఆ ఊపు మళ్లీ వొస్తే ఆడు ఏవనుకోడులే," అన్నాడు.

నేనప్పుడే ఆపించి ఉండొచ్చు. కొత్త కంట్రోలరు కొనమని సలహా మాత్రం ఇచ్చాను. లోపలి నిరోధం ఇంకా తక్కువున్నవి వస్తున్నాయి, మార్చేద్దాం అన్నాను. ఒప్పుకోలేదు. చక్రాలు అరిగి అంతకుముందే మార్చేశారు, బ్యాటరీ పాతబడి మార్చేశారు, జాయింట్లు తన చేత్తోనే కోస్తున్నాడు. ఆ పెట్టె కూడా మారిస్తే ఇంక అందులో వాడిదేముంటుంది అన్నాడు.

చలికాలం మధ్యలో ఒక ఆదివారం. ఆయన బండిని ఆపకుండా పది రౌండ్లు తిప్పి, గొంతుక్కూర్చుని, వేళ్ల వెనకవైపుతో ఒక్కో జాయింటునీ ముట్టుకున్నాడు. మళ్లీ మొదట్నుంచి ముట్టుకున్నాడు. లేచి నా దగ్గరికి వచ్చి, పెద్దవాళ్ల దగ్గర సందేహం అడిగే పిల్లాడిలా మెల్లగా అడిగాడు.

"బాబూ, ఒక మాట. తప్పుగా అనుకోకండి. ఏదైనా తింటందంటే అది ఎచ్చబడాల గదా? మా బోగీల్లో తినీ జాయింటు కాలిపోయీది. ఇక్కడ ఏదీ ఎచ్చగా లేదు. అన్నీ సల్లగే ఉన్నాయి."

నేనెవరితోనో ఫోన్లో ఉన్నాను. ఫోన్ని గుండెకు ఆనించుకుని, "బాబాయ్ గారూ, ఇవి మిల్లీ ఓములు. వెయ్యో వంతు లెక్కలు. మీ చేతికి తెలిసేవి కాదు. చెయ్యిని నమ్ముకోకండి," అన్నాను.

ఆయన తన కుడిచేతివైపు చూసుకున్నాడు.

"అవును బాబూ. దీన్ని నమ్మకూడదు. ఆ సోమారం పొద్దున్న ఆడు ఒంట్లో బాలేదు, ఆఫీసుకెళ్లనన్నాడు. నుదురు మీద ఇలగే పెట్టి సూసినాను. గోరెచ్చగుంది, ఏటి కాదులే, పడుకో అన్నాను. ఆళ్లమ్మ డాట్రు దగ్గరికెళ్దారంటే నానే ఆపినాను, నా సెయ్యి సెప్పింది గదా అని. రెండ్రోజులు ఆపినాను."

నేను ఫోన్ కట్ చేశాను. ఆయన భుజం మీద చెయ్యి వేద్దామనుకుని వెయ్యలేకపోయాను. అసలు పాపం అది కూడా కాదు. ఆయన అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. అంత కరెంటు పారే దారిలో బండి ఊపు తగ్గించేంత అడ్డం ఉంటే అది వేడెక్కి తీరాల్సిందే. వేడి లేదంటే అక్కడ తినేది ఏదీ లేదనే అర్థం. ఇది ఇంజినీరింగు మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఒక్క నిమిషం ఫోన్ పక్కన పెట్టి ఆలోచించి ఉంటే ఆ పూటే తేలిపోయేది. ఆయన చెయ్యి నిజం చెప్తుంటే, దాన్ని నమ్మొద్దని నేను చెప్పాను. చెప్పింది ఎవరికి? ఒక్కసారి ఆ చెయ్యి తప్పినందుకు కొడుకును పోగొట్టుకున్నవాడికి.

ఆ తర్వాత ఆయన జాయింట్లు ముట్టుకుని చూడటం మానేశాడు. కోయడం మాత్రం మానలేదు. వేసినవాటినే మళ్లీ కోసి మళ్లీ వేశాడు. ఈసారి తనవి.

ఎండాకాలం మొదట్లో చప్టా చుట్టూ రేకులు పాతడం మొదలుపెట్టారు. ఆగిపోయిన టవర్లను ఇంకెవరో కొన్నారట, పని మళ్లీ మొదలవుతోంది. మాకదే చివరి ఆదివారం. ముగ్గురమే వచ్చాం. ఆయన బండి తీసి చూపించాడు. కోసి కోసి వైర్లు ఎంత పొట్టివయ్యాయంటే, కంట్రోలరుని దాని చోటునుంచి లాగి మోటారు పక్కకు తెచ్చి కట్టాల్సివచ్చింది. గీత మీద పెట్టి లాగాడు. తిన్.

"ఇంక కొయ్యడానికి వైరు లేదు బాబూ," అన్నాడు.

"ఆ పెట్టె మార్చేయండి బాబాయ్ గారూ. నా మాట వినండి."

"ఒక్కసారి దుయి అనీలోగా దాటితే సాలు నాకు. ఒక్కసారే. ఆడు సూపించింది నేనూ సూపించినట్టుంటాది. తరవాత అటక మీద పడీసినా పరవాలేదు." బండి తుడవడం మొదలుపెట్టాడు. "నా పన్లోనే ఏటో తప్పుంది బాబూ. ఇంత సిన్నదానికే ఇలగయితే, ముప్పయ్యారేళ్లు ఎన్ని బోగీలకి ఇలాటి సెడ్డ జాయింట్లేసినానో. ఎంతమందిని ఉక్కపోతలో కూకోబెట్టినానో."

"అదేం మాట?" అన్నాను. అంతే అన్నాను. ఆయన బండి సంచిలో పెట్టుకుని, రేకుల మధ్య సందులోంచి ఒంగి బయటికి వెళ్లి, హౌరా బస్సు ఎక్కాడు. మళ్లీ కలవలేదు. ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడానికేం.

రెండు నెలల కిందట వాళ్లావిడ ఫోన్ చేసింది. ఎప్పుడో నేనిచ్చిన నంబరు ఆయన గోడ మీద రాసుకున్నాడట.

"ఆయన పోనారు బాబూ. పది రోజులైంది. గుండె అన్నారు. ఆ బండి ఉంది గదా, అదొచ్చి అట్టుకెళ్లండి. ఇంట్లో ఉంటే నేను దాన్ని సూల్లేకపోతన్నాను."

వెళ్లాను. ఆవిడ సంచి తెచ్చి ఇచ్చింది. బండి, రిమోట్, జర్దా డబ్బా. చిన్న మనిషి, మాట గట్టి. టీ ఇచ్చి, ఎదురుగా పీట మీద కూర్చుంది.

"పొద్దున్న లెగిస్తే వరండాలో అదే పని బాబూ. తిన్, తిన్. ఆఖర్న అదీ మానీసినారు. ఫ్యాను రెగ్యులేటరు పాడైతే బయటి మిస్త్రీని పిలవమన్నారు. ఏటి, నువ్వు సెయ్యవా అంటే, నా పని మంచిది కాదు, ఎవులికైనా ఏటైనా అవుద్ది అన్నారు. జిందగీ అంతా కరంటు పనే సేసినోడు. ఆ మిస్త్రీ కుర్రోడొచ్చి స్టూలెక్కి సేస్తంటే ఈయన గుమ్మంలో నిలబడి సూసినారు."

ఇంటికొచ్చాక సంచి నాలుగు రోజులు ముట్టుకోలేదు. ఐదోరోజు పొద్దున బ్యాటరీ పెట్టి, ఎందుకో అలవాటుగా నా కార్డు తగిలించాను. సెట్టింగులు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే, ట్రిగ్గరు లాగగానే బండి ఎంత దూకాలో చెప్పేది వచ్చింది. తొమ్మిది మెట్లుంటాయి దానికి. అది ఒకటో మెట్టు మీద ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, మొత్తం పది నిమిషాలూ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఆయన టీ కోసం రోడ్డు దాటుతున్నాడు. కొడుకు ఆయన వెళ్లిన వైపు చూసుకుని, గొంతు తగ్గించి అంటున్నాడు:

"అన్నా, నీ కార్డు తియ్యవా ఒకసారి. నాన్న నెక్స్ట్ సండే చలాయిస్తాడు. వద్దు వద్దంటాడు గానీ చలాయిస్తాడు, నాకు తెలుసు. స్టార్టింగ్ బాగా తగ్గించి పెట్టు. మొదటి రోజే గోడకి కొట్టేస్తే మళ్లీ ముట్టుకోడు."

"ఒకటికి పెట్టేస్తున్నాను. ఎడ్లబండిలా ఉంటుంది," అన్నాను నేను.

"ఉండనీ. ఆయనకి చెప్పకు, ఫీలవుతాడు. వారం వారం కొంచెం పెంచుకుంటా పోదాం."

నొక్కింది నా బొటనవేలే. నొక్కి, కార్డు జేబులో వేసుకుని, ఆయన తెచ్చిన టీ తాగి, మర్చిపోయాను. పోయినవాడు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదంటే కొంత గౌరవంగా ఉండేది. అదేమీ కాదు, మర్చిపోయాను. అంతే. ఎన్నో బళ్లకు నొక్కుతుంటాం, దీనికీ నొక్కాను. తర్వాత నెలల తరబడి ఆయన పక్కన నిలబడి, లేని నిరోధం గురించి పాఠాలు చెప్పాను. తండ్రి చేతిలో బండి పదిలంగా ఉండాలని కొడుకు చేయించిన ఏర్పాటును ఆ తండ్రి రోగమనుకున్నాడు. దాన్ని వెతుక్కుంటూ కొడుకు చేతిపనినంతా ముక్కముక్కగా కోసుకున్నాడు. కోయించింది నా పాఠమే.

ఆ రోజే మా అపార్ట్‌మెంటు టెర్రస్ మీదికి వెళ్లాను. సుద్దతో రెండు గీతలు గీసి, మధ్య ఇరవై అడుగులు కొలిచాను. సెట్టింగుని వాడు మొదట ఉంచుకున్న ఎనిమిదికి పెంచాను. బండిని గీత మీద పెట్టి ట్రిగ్గరు లాగాను. "ఎక్" అన్నాను పైకే. ముందు చక్రాలు లేచాయి. "దుయి" అనేలోగా రెండో గీత దాటి, పిట్టగోడకు కొట్టుకుని, తిరగబడి, చక్రాలు గాల్లో తిరుగుతూ పడి ఉంది.

మళ్లీ పెట్టాను. పది రౌండ్లు తిప్పాను. తర్వాత గొంతుక్కూర్చుని, చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపుతో ఆయన వేసిన జాయింట్లు ఒక్కొక్కటీ ముట్టుకుని చూశాను. బ్యాటరీ దగ్గరివి, కంట్రోలరు దగ్గరివి, మోటారుకు పోయే ఆ మూడు పొట్టి వైర్లవి. మోటారు కాలుతోంది. జాయింట్లు అన్నీ చల్లగా ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా తప్పు లేదు.

ఆయన పని మంచిదని, ఆయన చెయ్యి చెప్పింది నిజమని లిలువాలో ఆ పీట మీద కూర్చున్న ఆవిడకు తెలియాలి. ఫోన్ తీసి నంబరు కూడా నొక్కాను. అవతల మోగుతోంది. మీకెలా తెలిసింది బాబూ అని అడుగుతుంది కదా. కట్ చేశాను. ఆవిడ తిరిగి చేసింది. పొరపాటున తగిలిందమ్మా అన్నాను.

ఇంతవరకూ చెప్పలేదు.